థ కడుపులో చుక్క

పప్పూరు రామాచార్యులు అనంతపురంలో ‘శ్రీ సాధన పత్రిక’ మొదలుపెట్టింది 1926లో. ఆ కాలపు న్యూస్‌ప్రింట్ ఇప్పుడు ముట్టుకుంటే అంచులు పొడిపొడిగా రాలుతాయి. తెలుపు గోధుమరంగుకు తిరిగి ఉంటుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడటమే గగనమైన ఈ సీమలో ఎర్రదుమ్ము బీరువా సందుల్లోకి కూడా దూరుతుంది. అలాంటి పేజీని స్కాన్ చేసి కంప్యూటర్లో కడగబోయే ముందు ఒకటి గుర్తుంచుకోవాలి. ఏది మరకో, ఏది అక్షరమో సాఫ్ట్‌వేర్‌కు తెలియదు.

చుక్కలను వెతికి చెరిపే ఫిల్టర్‌ను డీస్పెకిల్ అంటారు. ఇంగ్లీషు పేజీలో అది ఒక ఫుల్‌స్టాప్‌ను మింగినా చదివేవాళ్లు సర్దుకుంటారు. తెలుగులో థ కడుపులో చుక్క పోతే ధ అవుతుంది, కింది గీత కూడా పోతే ద మిగులుతుంది. ‘అర్థం’ కాస్తా ‘అర్ధం’ అయిపోతుంది. థ ఒత్తుగా కిందికి దిగిన చోట మరీ చిన్నదవుతుంది కాబట్టి అక్కడే ముప్పు ఎక్కువ. పాత అచ్చులోని అరసున్నలదీ అదే గతి.

చుక్క వెడల్పు 0.3 మిల్లీమీటర్లు అనుకుందాం. 150 డీపీఐలో, అంటే అంగుళానికి 150 పిక్సెళ్ల చొప్పున స్కాన్ చేస్తే దానికి రెండు పిక్సెళ్లు కూడా దక్కవు. 600లో ఏడు దక్కుతాయి. అందుకే చిన్న అక్షరాల పేజీకి 600 పెట్టమంటాను, అదీ రంగుల్లోనే. వెనక పేజీ అచ్చు ఇటు కనిపిస్తుంటే కాగితం వెనక నల్ల అట్ట పెడితే చాలావరకు తగ్గుతుంది.

రంగుల్లో ఎందుకంటే, రంగు చిత్రంలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు పొరలుంటాయి. గోధుమ మరకా, మన ఎర్రదుమ్మూ ఎరుపు కాంతిని బాగా తిప్పికొడతాయి కాబట్టి ఎరుపు పొరలో దాదాపు తెల్లగా పడతాయి. నల్ల సిరా నల్లగానే ఉంటుంది. ఉచితంగా దొరికే జింప్ అనే బొమ్మలు దిద్దే సాఫ్ట్‌వేర్‌లో ఆ పొర ఒక్కటే విడదీసుకుంటే సగం పని తీరుతుంది, ఒక్క అక్షరాన్నీ చెరపకుండా. లైబ్రరీ వాళ్ల నీలి ముద్ర మాత్రం ఎరుపు పొరలో ముదురుతుంది. అది పడిన చోట నీలం పొర చూడాలి.

తర్వాత అందులోనే లెవెల్స్ అనే పనిముట్టుతో కాగితాన్ని కొంచెం తెల్లబరచి, సిరాను కొంచెం నల్లబరచండి. త్రెషోల్డ్ జోలికి నేను పోను. అది మధ్య ఛాయలన్నిటినీ నలుపో తెలుపో చేసి, సన్నటి తలకట్లను తెంపుతుంది. ఒరిగిన పేజీని ఒక్కసారే తిప్పి సరిచేయండి. తిప్పిన ప్రతిసారీ గీతలు మసకబారతాయి.

చివరగా మూల స్కాన్‌ను పక్కన తెరిచి థ, ధ, ఢ, ఫ ఉన్న మాటలను పెద్దవి చేసి పోల్చండి. చుక్క గానీ కింది గీత గానీ పోయిన చోట మూలంలోని ముక్కనే తెచ్చి అతికించండి, చేత్తో గీయకండి. మూలంలోనే అవి లేకపోతే అది ఆనాటి అచ్చుతప్పు కావచ్చు. దాన్ని అలాగే ఉండనివ్వండి.