‘సాక్ష్యం’ ఎందుకు చెబుతారు? ఒకరి కథ మరొకరికి ధైర్యం ఎలా ఇస్తుంది?

మదనపల్లె: ఆదివారం ఆరాధన మధ్యలో ఒకరు లేచి ముందుకొస్తారు. తాగుడు ఎలా మానారో, ప్రభువును ఎలా తెలుసుకున్నారో నాలుగు మాటల్లో చెబుతారు. చర్చిలో దీన్నే ‘సాక్ష్యం’ అంటారు. మదనపల్లె, పుంగనూరు నుంచి సరిహద్దులోని కుప్పం వరకు విశ్వాసులకు ఇది బాగా తెలిసిన పద్ధతే. మరి వేరొకరి అనుభవం వింటే ధైర్యం ఎందుకొస్తుంది?

మదనపల్లె నుంచి అమెరికా దాకా

ఆర్కాట్ మిషన్‌కు చెందిన అమెరికన్ డాక్టర్ జేకబ్ చాంబర్లిన్ 1863లో మదనపల్లెకు వచ్చారు. వైద్యం చేస్తూ, ఊరూరా తిరిగి తెలుగులో బోధించారు. ఆ అనుభవాలతో ‘ఇన్ ది టైగర్ జంగిల్’ పుస్తకం రాశారు. అలా ఇక్కడి కథలు అమెరికా చర్చిల దాకా వెళ్లాయి. 1908లో ఆయన మదనపల్లెలోనే కన్నుమూశారు.

తెలిసిన మనిషి మాట

మిషనరీ మాట కన్నా సొంత మనిషి మాట ఎంత పనిచేస్తుందో ఒంగోలు ప్రాంతంలో కనిపించింది. తోళ్ల వ్యాపారి యర్రగుంట్ల పేరయ్య, భార్యతో కలిసి 1866లో బాప్తిస్మం తీసుకున్నారు. తాను నమ్మినదాన్ని మాదిగ బంధువుల ఊళ్లకు తీసుకెళ్లారు. ఆయన ముందెలా ఉండేవారో, తర్వాత ఎలా మారారో వాళ్లకు తెలుసు. అందుకే నమ్మారు.

నష్టమూ తప్పలేదు. విశ్వాసులు చచ్చిన పశువుల మాంసం మానేశారు, ఊరి జాతరల్లో డప్పు కొట్టలేమన్నారు. దాంతో ఊరి పెద్దలు పనులు ఆపేశారు, నీళ్లకూ అడ్డుపడ్డారు.

1876-78 కరవులో మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేల మందికి పని చూపించారు. కానీ తిండి కోసమే చేరారన్న మాట రాకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశారు. ఆ తర్వాత 1878 జులై 3న ఒంగోలు దగ్గరి వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఇప్పుడైతే?

నచ్చిన మతాన్ని అనుసరించే హక్కు రాజ్యాంగం 25వ అధికరణం ఇచ్చింది. అయితే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి మారిన దళితులకు ఎస్సీ హోదా ఉండదు. ఏపీలో వాళ్లు బీసీ-సీ కిందకు వస్తారు. ఆ కోటా 1 శాతమే. అంటే నలుగురిలో నిలబడి సాక్ష్యం చెప్పడం ఇప్పటికీ అందరికీ తేలిక కాదు.

అందుకే విన్నవాళ్లకు ఎక్కువ కాలం గుర్తుండేది అద్భుతం ఒక్కటే కాదు. కష్టాలన్నీ ఒక్కరోజులో తీరిపోయాయన్న కథ విని ఇంటికెళ్లాక, తన కష్టం అలాగే ఉంటే మనిషికి దిగులే మిగులుతుంది. ‘అప్పు ఇంకా ఉంది, అయినా మళ్లీ తాగలేదు’ అని పక్కవీధి మనిషి చెబితే మాత్రం, అదే బాధలో ఉన్నవాళ్లకు ‘నా వల్లా అవుతుంది’ అనిపిస్తుంది.