ఓడిన జట్టుకు తొలి వంతు

ఫుట్‌బాల్ అనగానే మన హైదరాబాదు వాసుల మనసులో మెదిలేది కాలితో తన్ని ఆడే బంతి ఆట. 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేండ్లు రోవర్స్ కప్పును గెలిచిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టును, దానికి శిక్షణ గరపిన సయ్యద్ అబ్దుల్ రహీం గారిని క్రీడాభిమానులు మరచిపోలేరు. అయితే ఈ వ్యాసంలో ప్రస్తావించబోయే ఫుట్‌బాల్ అది కాదు. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో అదే పేరు గల మరొక ఆట కలదు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేతబట్టి, ఎదుటి పక్షాన్ని త్రోసుకుంటూ ముందుకు సాగే ఆట అది. దాని నియమాలను వివరించడం నా ఉద్దేశ్యం కాదు. ఆ ఆటను వృత్తిగా ఆడే జట్లు తమ ఆటగాళ్లను ఏ విధంగా సంపాదించుకుంటాయి, ఆ విధానం ఎవరికి న్యాయం చేసింది అన్నదే ఇక్కడ విచారణీయాంశం.

ఇంజనీరింగ్ ప్రవేశాల కౌన్సెలింగ్‌ను ఎరుగని విద్యార్థి మనలో ఉండడు. మంచి ర్యాంకు తెచ్చుకున్న వానికి ముందు వంతు. కోరుకునేది విద్యార్థి, కోరబడేది కళాశాల. ఈ రెండింటినీ తలక్రిందులు చేసి ఊహించండి. కోరుకునేది కళాశాల, కోరబడేది విద్యార్థి. అంతేకాదు, గడచిన ఏడాది ఫలితాలలో అన్నింటికంటె అడుగున నిలిచిన కళాశాలకే తొలి వంతు, అగ్రస్థానంలో ఉన్నదానికి చివరి వంతు. ఒకసారి ఒక కళాశాల అతని పేరు పిలిచిన పిమ్మట, ఆ విద్యార్థి మరొక కళాశాలలో చేరదలచినా అందుకు వీలు లేదు. డ్రాఫ్టు అని అమెరికన్లు వ్యవహరించే పద్ధతి స్థూలంగా ఇదే.

నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ అనే సంస్థలో నేడు 32 జట్లు ఉన్నవి. ఒక్కొక్క జట్టు పట్టికలో 53 మంది ఆటగాళ్లు ఉంటారు. ఒకేసారి మైదానంలో దిగేవారు పదకొండు మందే అయినా, దాడి చేసేవారు వేరు, అడ్డుకునేవారు వేరు, బంతిని తన్నడానికే నియమితుడైన వాడు వేరు కావడం వల్ల ఇంతమంది అవసరమవుతున్నారు. ఈ ఆటగాళ్లను తయారు చేసే ఖర్చు జట్లు భరించవు, విశ్వవిద్యాలయాలు భరిస్తాయి. ఉన్నత పాఠశాల ముగిసి మూడేండ్లు నిండిన ఆటగాళ్లను ఏటా ఏప్రిల్ మాసంలో ఏడు వరుసలుగా జట్లు ఎంచుకుంటాయి. ఏ జట్టూ ఎంచుకోని వాడు మాత్రం తనకు నచ్చిన జట్టుతో స్వేచ్ఛగా ఒప్పందం చేసుకోవచ్చును. ఎవరికీ పనికిరాడనిపించుకున్న వానికే ఈ స్వేచ్ఛ దక్కడం వింతగా లేదూ?

ఈ పద్ధతికి మూలపురుషుడు బర్ట్ బెల్. ఆయన ఫిలడెల్ఫియా ఈగిల్స్ అనే జట్టుకు యజమాని. 1930ల ఆర్థిక మాంద్యంలో ఆయన జట్టు ఏటా ఓడుతూ ఉండేది. మంచి ఆటగాళ్లు డబ్బూ పేరూ ఉన్న న్యూయార్క్, షికాగో జట్లవైపే మొగ్గేవారు. స్టాన్ కోస్ట్‌కా అనే విశ్వవిద్యాలయ క్రీడాకారుని తన జట్టులో చేర్చుకోవాలని బెల్ ఎంతో ప్రయత్నించి విఫలుడైనాడు. ఉన్నవాడు మరింత ఉన్నవాడై, లేనివాడు మరింత లేనివాడైతే చివరకు పోటీయే మిగలదని, పోటీ లేని ఆటను చూడడానికి టిక్కెట్టు కొనేవాడు ఉండడని ఆయన 1935లో తోటి యజమానుల ముందు వాదించాడు. చిత్రమేమంటే, నష్టపోయేది తామేనని తెలిసి కూడా బలమైన జట్ల యజమానులు అంగీకరించారు. అందులో త్యాగబుద్ధి కొంత ఉండవచ్చునేమో గాని, ఆటగాళ్లకోసం తమలో తాము పోటీపడి జీతాలు పెంచుకోవలసిన అవసరం తప్పుతుందన్న లెక్కకూడా వారికి తెలియనిది కాదు. ఈ రెండవ సంగతిని పాఠకులు గుర్తుంచుకోవాలి.

మొదటి డ్రాఫ్టు 1936 ఫిబ్రవరి 8వ తేదీన ఫిలడెల్ఫియాలో ఒక హోటల్లో జరిగింది. తొమ్మిది జట్లు, తొమ్మిది వరుసలు, మొత్తం 81 పేర్లు. అడుగున ఉన్న ఈగిల్స్‌కే తొలి వంతు రాగా, బెల్ షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన జే బెర్వాంగర్‌ను ఎంచుకున్నాడు. దేశంలో ఉత్తమ విశ్వవిద్యాలయ ఆటగానికిచ్చే హైస్‌మన్ బహుమతిని మొట్టమొదట అందుకున్నవాడు అతడే. కాని అతడు కోరిన జీతం ఇచ్చుకోలేక బెల్ ఆ హక్కును షికాగో బేర్స్ జట్టుకు మార్పిడి చేశాడు. అక్కడా బేరం కుదరలేదు. డ్రాఫ్టు చరిత్రలో ప్రప్రథమంగా ఎంపికైన ఆ యువకుడు వృత్తి ఫుట్‌బాల్‌లో ఒక్క ఆట కూడా ఆడకుండానే వేరే ఉద్యోగం చూసుకున్నాడు. ఎంపికైనవానికి మిగిలిన మార్గాలు రెండే: పిలిచిన జట్టులో ఆడడం, లేదా ఆట మానుకోవడం. అతడు రెండవదాన్ని ఎంచుకున్నాడు.

బలహీనునికి తొలి అవకాశమన్న సూత్రం వినడానికి ఎంతో ధర్మబద్ధంగా ఉన్నది. కాని ఆ 81 పేర్లలో నల్లజాతి ఆటగాని పేరు ఒక్కటి కూడా లేదు. 1934 నుండి 1945 వరకు ఆ లీగ్‌లో నల్లవారెవ్వరూ ఆడలేదు. వ్రాతపూర్వకమైన నిషేధమేదీ కనబడదు. యజమానులు మౌనంగా పాటించిన కట్టుబాటు అది. 1946లో లాస్ ఏంజెల్స్ రామ్స్ జట్టు కెనీ వాషింగ్టన్, వుడీ స్ట్రోడ్ అనే ఇద్దరిని చేర్చుకోవడంతో ఆ కట్టు తెగింది. డ్రాఫ్టులో ఒక నల్లవాని పేరు పిలవడానికి మరి కొంత కాలం పట్టింది. 1949 డ్రాఫ్టులో ఇండియానా విశ్వవిద్యాలయపు జార్జ్ టాలియఫెరోను షికాగో బేర్స్ ఎంచుకున్నది, అదీ పదమూడవ వరుసలో. జట్ల నడుమ సమానత్వం కోసం పుట్టిన పద్ధతి మనుషుల నడుమ సమానత్వాన్ని తనంత తానుగా తేలేదని దీనివల్ల తెలుస్తున్నది.

ఈ విషయంలో వాషింగ్టన్ జట్టు కథ మరింత విపులంగా చెప్పదగినది. దాని యజమాని జార్జ్ ప్రెస్టన్ మార్షల్ ఇతర జట్లన్నీ మారిన తరువాత కూడా నల్లవారిని తీసుకోలేదు. 1961లో ఆ జట్టు కొత్త క్రీడాస్థలానికి మారింది. ఆ స్థలం కేంద్ర ప్రభుత్వపు భూమిలో ఉన్నది. అధ్యక్షుడు కెనెడీ మంత్రివర్గంలో అంతరంగిక శాఖను నిర్వహిస్తున్న స్టూవర్ట్ ఉడాల్, జాతి వివక్ష పాటించే జట్టుకు ఆ స్థలాన్ని వాడుకోనివ్వమని హెచ్చరించాడు. మార్షల్ దిగిరాక తప్పలేదు. ఆ ఏడాది ఆ జట్టు ఒక్కటంటే ఒక్క ఆట మాత్రమే గెలిచింది గనుక డ్రాఫ్టులో తొలి వంతు దానిదే అయింది. 1961 డిసెంబరులో ఆ వంతుతో ఎర్నీ డేవిస్ పేరు పిలువబడింది. హైస్‌మన్ బహుమతి పొందిన మొదటి నల్లజాతి విద్యార్థి అతడు. వెంటనే అతని హక్కును క్లీవ్‌లాండ్ జట్టుకు ఇచ్చి, అందుకు బదులుగా బాబీ మిచెల్‌ను, మరొక ఆటగానిని వాషింగ్టన్ తెచ్చుకున్నది. ఆ విధంగా డ్రాఫ్టు, మార్పిడి రెండూ కలిసి ఒక అన్యాయపు గోడను కూల్చడానికి ఉపకరించినవి. అయితే ఆ గోడను త్రోసినది ప్రభుత్వ హస్తమే గాని లీగ్ నియమం కాదు. మిచెల్ ఆ తరువాత అగ్రశ్రేణి ఆటగానిగా వాసికెక్కినాడు. ఎర్నీ డేవిస్ మాత్రం రక్తపు క్యాన్సరు వ్యాధికి గురియై, వృత్తి ఆటలో ఒక్కసారి కూడా ఆడకుండానే 1963 మే మాసంలో ఇరువది మూడేండ్ల ప్రాయంలో మరణించాడు.

ఇక మార్పిడుల సంగతి. ఆటగానికి ఆటగాణ్ణి ఇచ్చుకోవడం ఒక్కటే మార్పిడి కాదు. రాబోయే ఏండ్ల డ్రాఫ్టు వంతులను కూడా ఇవ్వవచ్చును, పుచ్చుకోవచ్చును. ఇంకా ఎవరో తెలియని, బహుశా ఇప్పుడు ఉన్నత పాఠశాలలో చదువుకుంటూ ఉండే పిల్లవాని మీది హక్కును ఈనాడే అమ్ముకోవడం అన్నమాట. చేలో పైరు మొలవకముందే పంటకు బేరమాడే వర్తకం మన రైతులకు తెలియనిది కాదు.

ఇందుకు 1989 అక్టోబరు 12న జరిగిన బేరాన్ని మించిన ఉదాహరణ లేదు. డల్లాస్ కౌబాయిస్ జట్టు అప్పుడు ఘోరంగా ఓడుతున్నది; ఆ ఏడాది పదహారు ఆటలలో ఒక్కటే గెలిచింది. ఆ జట్టులో పేరున్న ఆటగాడు హెర్షెల్ వాకర్ ఒక్కడే. కొత్తగా వచ్చిన శిక్షకుడు జిమ్మీ జాన్సన్ ఆ ఒక్కణ్ణి కూడా మిన్నెసోటా వైకింగ్స్‌కు ఇచ్చివేశాడు. ఆటగాళ్లు, వంతులు కలిపి లెక్కిస్తే పద్దెనిమిది చేతులు మారినవి. డల్లాస్‌కు వచ్చినవారిలో ఐదుగురు ఆటగాళ్లు ఉన్నారు. మిన్నెసోటా వారు ఆ ఐదుగురే ప్రధానమని తలచారు. జాన్సన్ దృష్టి వేరొక చోట ఉన్నది. ఆ ఆటగాళ్లను తొలగించినట్లయితే ఒక్కొక్కనికి బదులుగా ఒక వంతు డల్లాస్‌కు చెందవలెనన్న షరతు ఒప్పందంలో ఉన్నది. చివరకు మూడు తొలి వరుస వంతులు, మూడు రెండవ వరుస వంతులు, ఇంకా కొన్ని చిల్లర వంతులు డల్లాస్ వశమైనవి. వాటిలో ఒకదానిని మరొక జట్టుతో మార్చుకొని 1990లో తెచ్చుకున్నవాడే ఎమిట్ స్మిత్. బంతి పట్టుకొని పరుగెత్తడంలో అతడు సాధించిన 18,355 గజాల మొత్తం లీగ్ చరిత్రలో అగ్రస్థానంలో ఉన్నది. 1992, 1993, 1995 సీజన్లలో డల్లాస్ విజేతగా నిలిచింది. వాకర్ మాత్రం మిన్నెసోటాలో ఏ ఒక్క సీజన్‌లోనూ వెయ్యి గజాలు పరుగెత్తలేదు.

ఈ బేరాల అనుభవంతో డల్లాస్ వారు ఒక ధరల పట్టికను తయారు చేసుకున్నారు. మొదటి వంతుకు 3000 పాయింట్లు, రెండవదానికి 2600, పదహారవదానికి 1000, ఈ విధంగా. క్రమేణా అది లీగ్ అంతటా వ్యాపించింది. తరువాతి కాలంలో నోబెల్ బహుమతి పొందిన ఆర్థిక శాస్త్రవేత్త రిచర్డ్ థేలర్, కేడ్ మాసీ అనే మరొక పండితునితో కలిసి ఈ వ్యవహారాన్ని పరిశీలించాడు. ఒకే స్థానంలో ఆడే ఇద్దరిలో ముందు ఎంపికైనవాడు, అతని వెనువెంట ఎంపికైనవాని కంటె మెరుగుగా ఆడే అవకాశం నూటికి 52 పాళ్లు మాత్రమేనని వారు తేల్చారు. అనగా బొమ్మా బొరుసా అనుకొని నాణెం ఎగురవేయడానికీ, దీనికీ పెద్ద భేదం లేదు. అయినప్పటికీ తొలి వంతుకోసం జట్లు సర్వస్వం ధారపోస్తూనే ఉన్నవి. 2000 సంవత్సరంలో టామ్ బ్రేడీ అనే విద్యార్థిని 198 పేర్లు పిలిచిన తరువాత గాని ఎవరూ తలచలేదు. అతడు ఏడు సార్లు విజేత జట్టులో ఉన్నాడు. మనవైపు కూడా ఇట్టిది లేకపోలేదు. 2008లో ఐపీఎల్ వారు 19 ఏండ్ల లోపు ఆటగాళ్లను వంతుల పద్ధతిలోనే పంచినప్పుడు, ఢిల్లీ జట్టు తన ఊరివాడైన విరాట్ కోహ్లీని విడిచి ప్రదీప్ సంగ్వాన్‌ను ఎంచుకున్నది.

జట్ల లెక్కలు ఇట్లుండగా, ఆటగాని మాట ఏమిటి? జేమ్స్ స్మిత్ అనే ఆటగాణ్ణి 1968లో వాషింగ్టన్ జట్టు తొలి వరుసలో ఎంచుకున్నది. తొలి ఏడాది చివరి ఆటలో మెడకు దెబ్బ తగిలి అతని క్రీడాజీవితం ముగిసింది. డ్రాఫ్టు లేకుండా జట్లు తనకోసం పోటీ పడి ఉన్నట్లయితే ఇంతకంటె మేలైన రక్షణతో ఒప్పందం కుదుర్చుకొని ఉండేవాడినని అతడు 1970లో న్యాయస్థానానికెక్కాడు. కొనేవారందరూ ఏకమై, ఒక్కొక్క సరుకుకు ఒక్కడే బేరమాడవలెనని ముందుగా నిర్ణయించుకోవడం వర్తక స్వేచ్ఛకు విరుద్ధమన్నది అతని వాదన. 1976లో క్రింది కోర్టు, 1978లో పై కోర్టు ఆ డ్రాఫ్టు చట్టవిరుద్ధమని తీర్పు చెప్పినవి.

అయినా డ్రాఫ్టు ఆగలేదు. 1977లోనే లీగ్ యాజమాన్యమూ, ఆటగాళ్ల సంఘమూ ఉమ్మడి ఒప్పందం చేసుకున్నవి. కార్మిక సంఘం సమ్మతించిన నియమానికి ఆ చట్టం అడ్డురాదు. పదిహేడుగా ఉన్న వరుసలు పన్నెండుకు తగ్గినవి, పద్ధతి నిలిచినది. 1993లో కుదిరిన ఒప్పందం వల్ల కొన్నేండ్లు ఆడిన పిమ్మట నచ్చిన జట్టుకు మారే స్వేచ్ఛ ఆటగాళ్లకు లభించింది. దానితోపాటే జట్టు మొత్తం జీతాలకు గరిష్ఠ పరిమితి వచ్చింది. 1994లో ఆ పరిమితి 3 కోట్ల 46 లక్షల డాలర్లు. 2025లో 27 కోట్ల 92 లక్షలు. పరిమితిలోపల ఒకనికి ఎక్కువ ఇస్తే మరొకనికి తగ్గించాలి. 2010లో తొలి వంతున ఎంపికైన సామ్ బ్రాడ్‌ఫర్డ్‌కు 5 కోట్ల డాలర్ల హామీ దక్కింది. 2011లో సంఘమూ యాజమాన్యమూ కలిసి కొత్తవారి జీతాలకు కట్టుదిట్టమైన హద్దు విధించడంతో, ఆ ఏడాది అదే స్థానంలో ఎంపికైన క్యామ్ న్యూటన్‌కు 2 కోట్ల 20 లక్షలే లభించినవి. ఒప్పందాన్ని ఆమోదించినవారు అప్పటికే లీగ్‌లో ఉన్న ఆటగాళ్లు. జీతం తగ్గబోయే విద్యార్థులకు అందులో ఓటు లేదు. సంఘం తన సభ్యులను కాపాడుకోవడం సహజమే. కాని రేపటి సభ్యులు ఎవరి లెక్కలోకి వస్తారు?

నేటి జట్ల నిర్మాణమంతా ఈ తేడా మీదనే ఆధారపడి ఉన్నది. 2022 డ్రాఫ్టులో 262వ వాడుగా, అందరికంటె చివర పిలువబడిన బ్రాక్ పర్డీ 2024 ఫిబ్రవరిలో శాన్ ఫ్రాన్సిస్కో జట్టును సూపర్ బౌల్ అనే తుది పోటీదాకా నడిపించాడు. అప్పుడు అతని సాలీనా జీతం పది లక్షల డాలర్లకు లోపే. ఆ చవక వల్ల మిగిలిన సొమ్ముతో జట్టు ఇతర స్థానాలలో ఖరీదైన ఆటగాళ్లను నిలుపుకోగలిగింది. 2025 మే మాసంలో అతనితో ఐదేండ్లకు 26 కోట్ల 50 లక్షల డాలర్ల కొత్త ఒప్పందం కుదిరింది. దానికి రెండు మాసాల ముందే, ఆ జట్టు తన పేరుమోసిన ఆటగాడు డీబో సామ్యూల్‌ను ఒక్క ఐదవ వరుస వంతుకు బదులుగా వాషింగ్టన్‌కు ఇచ్చివేసింది.