పెట్టె అదే, పెత్తనం మారింది

మీ బడిలోనో, ఇంట్లోనో ఒక మూల దుమ్ముపట్టి ఉన్న కంప్యూటర్‌ను ఎప్పుడైనా చూశారా? "దీనికి ఏమైంది?" అని అడిగితే "పాతదైపోయింది" అని జవాబు వస్తుంది. సైకిల్ పాతదైతే చైను సాగుతుంది, టైరు అరుగుతుంది. మరి కంప్యూటర్‌లో అరిగింది ఏది?

2025 అక్టోబర్‌లో ఈ ప్రశ్న నాకే ఎదురైంది. దానికి జవాబు వెతుకుతూ నేనొక మంచి పని చేశాను, ఒక పెద్ద పొరపాటూ చేశాను. రెండూ మీకు చెబుతాను.

విడిభాగాలతో కట్టిన కంప్యూటర్

నేను ఉండేది మొయినాబాద్ మండలం ఎంకపల్లిలో. 2014లో సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లి మదర్‌బోర్డు, ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్క్, క్యాబినెట్ విడివిడిగా కొన్నాను. వాటిని ఇంట్లో నేనే బిగించుకున్నాను. ఇలాంటిదాన్ని అసెంబుల్డ్ కంప్యూటర్ అంటారు.

ఆ పెట్టెలో ఒక విలువైన వస్తువు ఉండేది. బంగారం కాదు, వాన లెక్క! 2019 జూన్ నుంచి మా వీధి పిల్లలు మా మిద్దె మీది వర్షమాపకంలో నీటిని ఉదయం 8.30కి కొలుస్తున్నారు. మన వాతావరణ శాఖ కూడా ఆ వేళ నుంచే వాన రోజును లెక్కిస్తుంది. 1 మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరు నేల మీద 1 లీటరు నీరు పడినట్టు. మా మండలానికి ఒక పక్క ఉస్మాన్‌సాగర్, మరో పక్క హిమాయత్‌సాగర్ ఉన్నాయి. 1908లో మూసీ వరద హైదరాబాద్‌ను ముంచెత్తిన తరువాత కట్టిన జలాశయాలవి. కాబట్టి ఇక్కడి వాన లెక్క పిల్లల ఆట కాదు. దానికి ఒక విలువ ఉంది.

నా కంప్యూటర్ విండోస్ 10తో పనిచేసేది. దానికి సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. మద్దతు ముగిసిందంటే కంప్యూటర్ ఆగిపోతుందని కాదు. కొత్తగా బయటపడే లోపాలను సరిచేసే సవరణలు ఇకపై మామూలుగా అందవని అర్థం. తాళం పాడైనా బాగుచేసేవాడు రాని ఇంటి వంటిది. పోనీ విండోస్ 11 వేసుకుందామంటే, అది టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటును, మరింత కొత్త ప్రాసెసర్‌ను కోరుతుంది. నా పెట్టెలో అవి లేవు.

అంటే అరిగిపోయినది ఏదీ లేదన్నమాట! ప్రాసెసర్ బాగుంది, ర్యామ్ బాగుంది, డిస్క్ తిరుగుతోంది. గడువు తీరింది వాటి మీద పెత్తనం చేసే ఆపరేటింగ్ సిస్టమ్‌కు మాత్రమే.

పెళ్లివంటల పెద్ద

ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఏమిటి? ఒక పెళ్లి వంటశాలను ఊహించుకోండి. వంటవాడు ప్రాసెసర్. అతని ముందు పరిచిన బల్ల ర్యామ్. బల్ల ఎంత పెద్దదైతే అన్ని వంటకాల సరుకులు ఒకేసారి పరచుకోవచ్చు. పని ముగియగానే బల్ల ఖాళీ అవుతుంది. బియ్యం, పప్పు, నూనె నిలవ ఉండే కొట్టుగది హార్డ్‌డిస్క్.

ఏ పొయ్యి మీద ఏది ముందు ఎక్కాలి? కొట్టులో ఏ మూట ఎక్కడ ఉంది? బల్ల మీద ఎవరికి ఎంత చోటు? ఇవన్నీ చూసే పెద్దమనిషి ఒకడు ఉండాలి కదా! అతడే ఆపరేటింగ్ సిస్టమ్. మీరు పాట వింటూ బొమ్మ గీస్తున్నప్పుడు ప్రాసెసర్ సమయాన్ని రెండు పనులకూ క్షణంలో చిన్న చిన్న ముక్కలుగా పంచి ఇచ్చేది అదే.

పెద్దమనిషి వెళ్లిపోతే వంటశాలను కూల్చేస్తామా? మరొకరిని పిలుస్తాం. నేను పిలిచిన వాడి పేరు లినక్స్.

ఒక విద్యార్థి మొదలుపెట్టిన పని

1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ 'గ్నూ' అనే ప్రణాళికను ప్రకటించాడు. ఎవరైనా వాడుకోవడానికి, లోపల ఎలా ఉందో చదవడానికి, మార్చుకోవడానికి, పదిమందికి పంచడానికి వీలైన ఆపరేటింగ్ సిస్టమ్ ఒకటి కావాలన్నది ఆయన ఆశయం. దానికి కావలసిన పనిముట్లు చాలావరకు తయారయ్యాయి కాని, ప్రాసెసర్‌తో నేరుగా మాట్లాడే నడిమి భాగం, అంటే కెర్నెల్, సిద్ధం కాలేదు. 1991లో ఫిన్లాండ్‌లోని హెల్సింకీలో చదువుకుంటున్న 21 ఏళ్ల లినస్ టోర్వాల్డ్స్ ఒక కెర్నెల్ రాసి అందరి ముందూ పెట్టాడు. అదే లినక్స్. మొదట్లో సుమారు పది వేల పంక్తులు ఉన్న ఆ ప్రోగ్రాము, వేలమంది చేతులు పడి, ఇప్పుడు కోట్ల పంక్తులకు పెరిగింది.

మీ ఇంట్లోని ఆండ్రాయిడ్ ఫోన్ లోపల ఉన్నది లినక్స్ కెర్నెలే. 2017 నవంబర్ నుంచి ప్రపంచంలోని తొలి 500 సూపర్ కంప్యూటర్లూ లినక్స్ మీదే నడుస్తున్నాయి. 2021 ఏప్రిల్‌లో అంగారకుడి మీద ఎగిరిన ఇంజెన్యుయిటీ అనే చిన్న హెలికాప్టర్‌లో కూడా ఇదే! ఆ హెలికాప్టర్‌కు ముఖ్య ఇంజనీరుగా పనిచేసిన బాబ్ బలరామ్ మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ పాఠశాలలో చదువుకున్నవాడే. తెలుగువారూ ఈ పనిలో వెనుకబడలేదు. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే 'స్వేచ్ఛ' సంస్థ 2005 నుంచి లినక్స్‌ను తెలుగులోకి తెచ్చే పని చేస్తోంది. కేరళ ప్రభుత్వ బడుల్లో పిల్లలు ఏళ్లుగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదే కంప్యూటర్ నేర్చుకుంటున్నారు.

స్విచ్ వేయగానే ఏం జరుగుతుంది?

లినక్స్‌లో రకాలు చాలా ఉన్నాయి. తక్కువ ర్యామ్‌తో సరిపెట్టుకునే లినక్స్ మింట్‌లోని ఎక్స్‌ఎఫ్‌సీఈ రకాన్ని ఎంచుకున్నాను. అది సుమారు 3 జీబీ ఉండే ఒకే ఫైలుగా దొరుకుతుంది.

దించుకున్న ఫైలు దారిలో పాడు కాలేదని ఎలా తెలుస్తుంది? దానికో చక్కని ఉపాయం ఉంది. ఫైలు మొత్తం మీద ఒక గణితం చేస్తే 64 అక్షరాలు, అంకెలు కలిసిన ఒక గుర్తు వస్తుంది. ఫైలులో ఒక్క బిట్ మారినా గుర్తు పూర్తిగా మారిపోతుంది. తయారుచేసినవారు ప్రకటించిన గుర్తూ, మనకు వచ్చిన గుర్తూ ఒకటైతే ఫైలు సరైనదే.

తరువాత దాన్ని 8 జీబీ పెన్‌డ్రైవ్ మీదికి ఎక్కించాను. మామూలుగా కాపీ చేస్తే సరిపోదు. ఎందుకంటే, స్విచ్ వేయగానే మదర్‌బోర్డు మీది చిప్‌లో ఉన్న ఒక చిన్న ప్రోగ్రాము మేలుకుని, ర్యామ్, కీబోర్డు వగైరా ఉన్నాయో లేదో చూసుకుని, "నన్ను నడిపే వ్యవస్థ ఎక్కడుంది?" అని వెతుకుతుంది. డిస్క్‌లో అది వెతికే చోటు నిర్ణీతం. సరిగ్గా ఆ చోట ఆరంభ ప్రోగ్రాము ఉండేలా పెన్‌డ్రైవ్‌ను రాయాలి. ఆ ఆరంభ ప్రోగ్రాము కెర్నెల్‌ను ర్యామ్‌లోకి తెస్తుంది. అక్కడి నుంచి పెత్తనం కెర్నెల్‌ది.

పెన్‌డ్రైవ్ పెట్టి, బూట్ మెనూలో దాన్ని ఎంచుకున్నాను. రెండు నిమిషాల్లో తెర మీద లినక్స్ ప్రత్యక్షమైంది! ఇంకా హార్డ్‌డిస్క్‌ను తాకలేదు సుమా. దీన్ని 'లైవ్' పద్ధతి అంటారు. శబ్దం, వైఫై, ప్రింటర్ పనిచేస్తున్నాయా అని ముందే పరీక్షించుకోవచ్చు. అన్నీ పనిచేశాయి. నాకు ఉత్సాహం ఆగలేదు.

నేను చేసిన పొరపాటు

ఎక్కించే ప్రోగ్రాము నన్ను ఒక ప్రశ్న అడిగింది: పాత వ్యవస్థ పక్కన చోటు చేసుకోమంటారా, డిస్క్ మొత్తం చెరిపి ఎక్కించమంటారా? ముఖ్యమైన ఫైళ్లన్నీ మరో చోట దాచానన్న ధీమాతో రెండోది నొక్కాను. నిజానికి నేను దాచింది నా పాఠాలను, నా ఫొటోలను. వాన లెక్క పిల్లల పేరుతో వేరే ఖాతాలో ఉందన్న సంగతి గుర్తుకే రాలేదు.

ఆదివారం ఉదయం తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి ఆ వారం అంకెలు ఎక్కించడానికి వచ్చింది. కొత్త తెరను ముచ్చటగా చూసింది. కాసేపు వెతికి, "సార్, మన వాన లెక్క ఏడబోయింది? కనిపిస్తలేదు" అంది.

నాకు నోట మాట రాలేదు. "నేనే చెరిపేశానమ్మా" అని చెప్పడానికి కాస్త సమయం పట్టింది. ఆ పిల్ల ఏమీ అనలేదు. తన చేతిలోని నోటుపుస్తకాన్ని మూసి ఒళ్లో పెట్టుకుంది. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

చెరిపినది నిజంగా చెరిగిందా?

మా ఊళ్లోని ఇంజనీరింగ్ కాలేజీలో చదివే ఒక అబ్బాయిని పిలిచాను. అతడు వచ్చీ రాగానే "ముందు ఆఫ్ చేయండి సార్" అన్నాడు. ఎందుకో తెలుసా?

మళ్లీ కొట్టుగదికి వద్దాం. అందులో ఏ మూట ఎక్కడుందో రాసిన జాబితా ఒకటి తలుపుకు అంటించి ఉందనుకోండి. డిస్క్‌ను చెరపడమంటే చాలాసార్లు ఆ పాత జాబితాను చింపి కొత్తది అంటించడమే. మూటలు ఉన్నచోటనే ఉంటాయి. కాని కొత్త జాబితా ప్రకారం ఆ చోటు ఖాళీ కనుక, కొత్త సరుకు వచ్చినప్పుడు పాత మూటల మీదే పడుతుంది. లినక్స్ ఆక్రమించింది సుమారు 15 జీబీ. అంటే 500 జీబీలో నూటికి మూడు వంతులే. కాని కంప్యూటర్ నడుస్తున్న ప్రతి నిమిషమూ డిస్క్ మీద ఏదో ఒకటి రాస్తూనే ఉంటుంది. అందుకే వెంటనే ఆపాలి.

పెన్‌డ్రైవ్ మీది లినక్స్‌తోనే మళ్లీ కంప్యూటర్‌ను నడిపి, ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రామును డిస్క్ మీదికి పంపాడు. అది జాబితాను చూడదు. మూటలను ఒక్కొక్కటిగా తడిమి, ప్రతి రకం ఫైలుకూ మొదట్లో ఉండే ప్రత్యేక గుర్తును బట్టి పోల్చుకుంటుంది. దొరికినవాటిని మరో డిస్క్ మీదికి తీస్తుంది. సాయంత్రానికి వేల ఫైళ్లు బయటపడ్డాయి. పేర్లు మాత్రం లేవు, అంకెలే! పిల్లలు నలుగురు కూర్చుని ఒక్కొక్కటే తెరిచి చూశారు.

చివరికి వాన లెక్క ఫైలు పాత ప్రతి ఒకటి దొరికింది. అందులో 2019 జూన్ నుంచి 2023 ఆగస్టు దాకా ఉంది. 2024 జూన్ నుంచి ఉన్న అంకెలు ఆ అమ్మాయి నోటుపుస్తకంలో ఉన్నాయి. మధ్యలోని తొమ్మిది నెలలు మాత్రం దొరకలేదు. ఆ నెలల రాతపుస్తకాన్ని అంతకుముందే చెదలు తిన్నాయి.

అది ఎస్‌ఎస్‌డీ అయి ఉంటే ఆ మాత్రమూ దొరికేది కాదేమో. వాటిలో చెరిపిన చోటును లోపలి నుంచే ఖాళీ చేసే ఏర్పాటు ఉంటుంది.

ఆపరేటింగ్ సిస్టమ్ పోతే మరొకటి వేసుకోవచ్చు. ప్రాసెసర్ కాలితే మరొకటి కొనుక్కోవచ్చు. కురిసి వెళ్లిపోయిన వానను మళ్లీ కొలవలేం. కంప్యూటర్‌లో నిజంగా మనది ఏదంటే, మనం కష్టపడి పోగుచేసిన సమాచారమే. మా పట్టికలో ఆ తొమ్మిది గడులనూ సున్నాలతో నింపలేదు. సున్నా అంటే వాన పడలేదని అర్థం వస్తుంది కదా! ఖాళీగానే ఉంచాం. పక్కన కారణం కూడా రాశాం. ఆ వాక్యం నాచేత రాయించింది ఆ అమ్మాయే.

మీరూ చేసి చూడండి

మీ బడిలో మూలన పడి ఉన్న కంప్యూటర్ ఉంటే ఉపాధ్యాయుల అనుమతితో ఈ ప్రయోగం చేయవచ్చు. ముందుగా ఆ యంత్రాన్ని వాడిన ప్రతి ఒక్కరినీ "ఇందులో మీవి ఏమున్నాయి?" అని అడగండి. అన్నిటినీ రెండు వేరువేరు చోట్లకు కాపీ చేయండి. కాపీ చేసినవాటిని మరో కంప్యూటర్‌లో తెరిచి చూడండి. తెరుచుకోని కాపీ కాపీయే కాదు. తరువాత లైవ్ పద్ధతిలో ఒక వారం నడపండి. అంతా సవ్యంగా ఉంటేనే డిస్క్ మీదికి ఎక్కించండి. చెరపమంటారా అని యంత్రం అడిగిన చోట ఒక్క క్షణం ఆగి, పక్కవారిచేత కూడా ఆ ప్రశ్నను చదివించండి.

2014లో నేను బిగించిన పెట్టె ఇప్పుడు లినక్స్‌తో చక్కగా నడుస్తోంది. తెలుగులో టైపు చేయడానికి కీబోర్డు అమరిక అందులోనే ఉంది. వాన లెక్క ఇప్పుడు మూడు చోట్ల ఉంటోంది: ఆ పెట్టెలో, ఒక పెన్‌డ్రైవ్‌లో, చెదలు పట్టకుండా రేకు డబ్బాలో పెట్టిన నోటుపుస్తకంలో. ఆ డబ్బా తాళంచెవి మాత్రం నా దగ్గర లేదు. పిల్లల దగ్గరే ఉంది.