రిపీటర్ నుంచి ల్యాప్‌టాప్‌కు కేబుల్: ఏం మారుతుంది, ఏం మారదు

ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలోని పాత క్వార్టర్లలో ఉన్నవారికి ఆ గోడల మందం గురించి వేరే చెప్పనక్కర్లేదు. వేసవిలో ఇల్లు చల్లగా ఉంచే ఆ ఇటుక గోడలే వైఫైని ముందు గదిలో ఆపేస్తాయి. రైల్వే కొలువుల కోసం శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి తరాలుగా ఇక్కడే స్థిరపడిన మన తెలుగు ఇళ్లలో ఇప్పుడు పిల్లల ఉద్యోగ ఇంటర్వ్యూలు కూడా ఇంటి నుంచే జరుగుతున్నాయి. రూటర్ వీధి గదిలో, పిల్ల కూర్చునేది వెనక గదిలో. సరిగ్గా ప్రశ్న అడిగే వేళకు తెర మీద బొమ్మ ఆగిపోతే అవతలివాళ్లు మన గోడల మందాన్ని లెక్కలోకి తీసుకోరు కదా!

అన్నింటికన్నా మేలైన దారి రూటర్ నుంచి వెనక గది దాకా నేరుగా కేబుల్ లాగడమే. క్యాట్ 5ఈ రకం కేబుల్ 100 మీటర్ల వరకు ఇబ్బంది లేకుండా పనిచేస్తుంది. కానీ క్వార్టర్లోనో అద్దె ఇంట్లోనో గోడకు చిల్లు పెట్టాలంటే అనుమతి కావాలి. రెండు మూడు గుమ్మాల మీదుగా తెస్తే నాన్నమ్మ కాలికి అడ్డం. అందుకే చాలామంది రిపీటర్ కొంటారు. ప్లగ్గులో గుచ్చే ఆ చిన్న పెట్టెకు చాలా మోడళ్లలో ఒక కేబుల్ సాకెట్ ఉంటుంది. ఎక్కువ ఇళ్లలో అది ఖాళీగానే ఉండిపోతుంది.

ఆ సాకెట్‌కు ల్యాప్‌టాప్ కలిపితే కేబుల్ నెట్ వచ్చేసినట్టేనా? కాదు. రూటర్‌కూ రిపీటర్‌కూ మధ్య దారి అప్పటికీ గాలిలోదే. మారేది రిపీటర్ నుంచి ల్యాప్‌టాప్ వరకు ఉన్న చివరి ముక్క మాత్రమే.

అయితే ఆ ముక్కను తక్కువగా చూడకూడదు. రైల్వే ఊరివాళ్లకు సింగిల్ లైన్ సంగతి తెలిసిందే: ఎదురు బండి దాటేదాకా ఈ బండి స్టేషన్లో నిలబడాలి. తక్కువ ధర రిపీటర్‌లో రేడియో ఒక్కటే ఉంటుంది. రూటర్ నుంచి తీసుకున్నదాన్ని అదే ఛానల్ మీద మళ్లీ ల్యాప్‌టాప్‌కు పంపాలి. రెండు పనులూ ఒకేసారి కుదరవు కాబట్టి వేగం దాదాపు సగానికి పడిపోతుంది. కేబుల్ పెడితే రెండో పనికి వేరే లైన్ వేసినట్టు. రేడియో పూర్తిగా రూటర్ కోసమే మిగులుతుంది (ఆ సమయంలో ఇంట్లో ఇంకెవరూ అదే రిపీటర్ మీద సినిమా చూడకపోతేనే సుమా!). 2.4, 5 గిగాహెర్ట్జ్ రెండు రేడియోలూ ఉన్న రిపీటర్లలో ఈ తేడా అంతగా కనిపించకపోవచ్చు.

నా దృష్టిలో అసలు లాభం వేరే ఉంది. నెట్ రాని గదిలోనే రిపీటర్ పెట్టడం చాలా ఇళ్లలో కనిపిస్తుంది. అక్కడ దానికి కూడా సిగ్నల్ అందదు. అందనిదాన్ని అది మళ్లీ ఎలా పంపుతుంది? ఫోన్‌లో సిగ్నల్ ఇంకా బాగా చూపిస్తున్న చోట, అంటే మధ్య గదిలోనో నడవలోనో పెట్టండి. అక్కడి నుంచి వెనక గది బల్ల దాకా కేబుల్ తెచ్చుకోండి. దాటాల్సింది ఒక్క గుమ్మమే. ఆఖరి గోడతో వైఫైకి పనే ఉండదు.

కలిపే పద్ధతి తేలికే. ముందు రిపీటర్‌ను రూటర్‌తో కలపాలి. అది రిపీటర్ మోడ్‌లో ఉందో లేదో చూసుకోండి. యాక్సెస్ పాయింట్ మోడ్‌లో ఆ సాకెట్ రూటర్ నుంచి వచ్చే కేబుల్ కోసం. రిపీటర్ మోడ్‌లో మాత్రం దాన్ని మళ్లీ రూటర్‌కు కలపకండి, నెట్‌వర్క్ చుట్టూ తిరిగి మొత్తం స్తంభించిపోవచ్చు. కేబుల్ పిన్ టిక్కుమనేదాకా నొక్కి, ల్యాప్‌టాప్‌లో వైఫై ఆపేయండి. అప్పుడే నెట్ కేబుల్ మీదే వస్తోందని ఖాయంగా తెలుస్తుంది. సాకెట్ లేని సన్నటి ల్యాప్‌టాప్‌లకు యూఎస్‌బీ అడాప్టర్ కావాలి. అది బ్యాంకు ఇచ్చిన ల్యాప్‌టాప్ అయితే అడాప్టర్ పెట్టేముందు ఆఫీసులో అడగండి.

నెట్ రాకపోతే నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ఐపీ అడ్రస్ చూడండి. 169.254తో మొదలైతే రూటర్ నుంచి అడ్రస్ అందలేదని అర్థం. రిపీటర్‌ను ఒకసారి ఆపి, వెలిగించి, రూటర్‌తో మళ్లీ కలవనివ్వండి. అడ్రస్ సరిగ్గా ఉన్నా మాట తెగుతుంటే లోపం సాధారణంగా గాలి దారిలోనే ఉంటుంది. ఖరీదైన కేబుల్ కొన్నా ఫలితం ఉండదు, రిపీటర్‌ను రూటర్ వైపు నాలుగడుగులు జరపండి.

చాలా రిపీటర్ల సాకెట్ 100 ఎంబీపీఎస్‌కు మించి ఇవ్వదు. మీ ప్లాన్ 200 అయినా అంతే. వీడియో కాల్‌కు కొద్ది ఎంబీపీఎస్ చాలు కనుక దీని గురించి బెంగపడనక్కర్లేదు. రిపీటర్‌తో వచ్చిన అడ్మిన్ పాస్‌వర్డ్‌ను మాత్రం మార్చేయండి, అదే దారిలో మన నెట్ బ్యాంకింగ్ కూడా నడుస్తుంది.

ఇంటర్వ్యూ ముందురోజు అదే బల్ల దగ్గర, అదే వేళకు ఎవరికైనా అరగంట వీడియో కాల్ చేసి చూడండి. కరెంటు పోతే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంది గానీ రూటర్, రిపీటర్ రెండూ ఆరిపోతాయి. ఇన్వర్టర్ ఉంటే ఆ రెండు ప్లగ్గులూ దాని లైన్ మీదే ఉన్నాయో లేదో చూసుకోండి.