ఇసుకలో తుపాకీ కన్నాలు

టెక్సస్‌లోని కాపెల్‌కు సముద్రం లేదు. అల చూడాలంటే గాల్వెస్టన్ దాకా కారులో దాదాపు ఐదు గంటలు. అక్కడ టికెట్ అక్కర్లేని ఫెర్రీ ఎక్కి బొలివార్‌లో దిగితే, కాస్త దూరంలోనే ఫోర్ట్ ట్రావిస్. గడ్డి మొలిచిన దిబ్బలనుకుని దగ్గరికెళ్తే కింద కాంక్రీటు గదులు బయటపడతాయి. 12 అంగుళాల ఫిరంగులు రెండింటిని నిలిపిన కింబుల్ బ్యాటరీ వాటిలో ఒకటి. 1942లో జర్మన్ జలాంతర్గాములు ఇక్కడి మెక్సికో గల్ఫ్‌లోకి చొరబడి ఓడలను ముంచాయి. గాల్వెస్టన్ మీద మాత్రం దాడి జరగలేదు. 1961లో కార్లా తుపాను వచ్చినప్పుడు ఊరివాళ్లు ఈ బంకర్లలోనే తలదాచుకున్నారు. ఇప్పుడా కోట పార్కు. పిల్లలు దిబ్బలెక్కి జారుతుంటారు.

విశాఖలో పెరిగినవాళ్లకు ఆ గోడలు చూడగానే జాలారిపేట, ఆర్కే బీచ్ గుర్తొస్తాయి. అక్కడి పిల్‌బాక్సులు ఇంత పెద్దవి కావు. కొద్దిమంది సిపాయిలు లోపల నిలబడి, సన్నని కన్నాల్లోంచి తుపాకులు సముద్రం వైపు గురిపెట్టేందుకు కట్టిన మందపాటి కాంక్రీటు గూళ్లు. కెరటాలు తీరాన్ని కోసినప్పుడు పైకి తేలతాయి. ఇసుక మేట వేస్తే మళ్లీ కనబడవు.

కానీ మన తీరానికి యుద్ధం నిజంగానే వచ్చింది.

1942 ఫిబ్రవరి 15న సింగపూర్, మార్చి 8న రంగం (రంగూన్) జపాను చేతికి చిక్కాయి. ఉత్తరాంధ్రకు రంగం పరాయి ఊరు కాదు. ఎన్నో ఇళ్ల నుంచి పొట్ట చేతపట్టుకుని వెళ్లినవాళ్లు అక్కడున్నారు. మార్చి 23న అండమాన్లూ పోయాయి. ఇక మిగిలింది నడుమనున్న బంగాళాఖాతమే. ఏప్రిల్ 6న ర్యూజో అనే జపాను విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు కురిపించాయి. ఓడలు రావడం మొదలై తొమ్మిదేళ్లయినా నిండని రేవు, పక్కనే అంతకుముందు ఏడాదే శంకుస్థాపన జరిగిన సింధియా షిప్‌యార్డు. శత్రువు కన్ను పడిందంటే ఆశ్చర్యమేముంది? జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు పోయారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలింది.

ఆ రోజులు చూసినవాళ్లు ఇప్పుడు మనలో ఎందరున్నారు? చెప్పేవాళ్లు తగ్గేకొద్దీ ఈ గోడలే సాక్ష్యం. బాంబు పడని చోట బంకర్లనే పార్కుగా మలచగలిగినప్పుడు, బాంబులు పడిన మన ఊళ్లో ఒక్కో పిల్‌బాక్సునూ కొలిచి, ఫొటో తీసి, పక్కన ఆ దాడి తేదీ చెక్కిన రాయి నిలపడం పెద్ద పనేం కాదు. సముద్రం ఏటా తీరాన్ని కోస్తూనే ఉంది కాబట్టి ఆలస్యం పనికిరాదు.

ఈసారి కాపెల్ నుంచి విశాఖ వెళ్లేవాళ్లు పిల్లల్ని బీచ్‌కు తీసుకెళ్లినప్పుడు, పోటు తగ్గాక ఆ కాంక్రీటు దగ్గర కాసేపు ఆగండి. కన్నం ఇసుకలో పూడిపోకుండా ఉంటే, అందులోంచి సముద్రం ఎంత మేర కనిపిస్తుందో వాళ్లనే చూడనివ్వండి.