అవ్వకు ఏ ఫోను కొనాలి?

వాన మొహం చాటేసిన ఏడు అనంతపురం పల్లెల్లో ముందుగా తాళాలు పడేది వయసులో ఉన్నవాళ్ల ఇళ్లకే. కదిరి, తనకల్లు, ముదిగుబ్బ, కళ్యాణదుర్గం వైపు నుంచి బెంగళూరుకు పోయిన కొడుకులూ కోడళ్లూ కట్టడం పనుల్లోనో, గార్మెంట్స్ ఫ్యాక్టరీల్లోనో, ఆటోలు నడుపుకుంటూనో బతుకుతున్నారు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన కురిసే నేల ఇది. వేరుశెనగ ఒక్కదాన్నే నమ్ముకుని ఇల్లంతా ఊళ్లో ఉండిపోవడం కుదరదు. 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా విడిపోయింది గానీ కరువు రెండు జిల్లాలకూ ఒకటే, వలసా ఒకటే. ఊళ్లో మిగిలేది అవ్వా తాతా. వాళ్ల మంచీ చెడూ పిల్లలకు తెలిసేది ఫోను ద్వారానే.

ఆ ఫోను కొనడంలోనే చాలామంది పిల్లలు తొందరపడతారు. తాము వాడి పక్కన పెట్టిన స్మార్ట్‌ఫోను అమ్మకిచ్చి వెళ్లిపోతారు. ఏళ్ల తరబడి కొడవలి పట్టి గట్టిపడిన, ఎండిన వేళ్ల స్పర్శ టచ్ స్క్రీనుకు సరిగా అందదు. మోగుతున్న ఫోనును ఎత్తాలంటే పక్కకు జరపాలో, పైకి జరపాలో ఆ తల్లికి ఎవరూ నేర్పలేదు. ఛార్జింగ్ అయిపోతుంది, రీఛార్జి గడువు దాటిపోతుంది. ‘అమ్మకు ఫోను వాడటం రాదు’ అని పిల్లలు తీర్మానించేస్తారు. నిజానికి ఆమె వేలికీ, కంటికీ, చెవికీ తగిన ఫోను ఆమె చేతికి రాలేదు. ఎత్తితే మాట్లాడొచ్చు, పెడితే ఆగిపోతుంది అనే పద్ధతి ఒక్క తరం కిందటి ఇంటి ఫోనులో ఉంది. డెబ్బై దాటినవారికి ఇప్పటికీ అంతకంటే సులువైనది లేదని నా నమ్మకం. అయితే ఏ పెట్టె పడితే అది కొంటే పని జరగదు.

ఫోను సంగతి తర్వాత. ముందు ఆ ఇంటికి ఏ లైను వస్తుందో కనుక్కోవాలి.

మన పల్లెలకు తీగ ఫోను వచ్చిన దారి చిన్నదేం కాదు. 1984లో కేంద్ర ప్రభుత్వం సి-డాట్ అనే పరిశోధన సంస్థను నెలకొల్పింది. ఆ సంస్థ తయారుచేసిన చిన్న గ్రామీణ ఎక్స్‌ఛేంజి 1986లో కర్ణాటకలోని కిత్తూరులో మొదలైంది. ఏసీ గది లేకుండా, ఎండకూ దుమ్ముకూ తట్టుకుని పనిచేయడం దాని గొప్పతనం. అలాంటి ఎక్స్‌ఛేంజిల వల్లే పల్లెల్లో ఎస్టీడీ బూత్‌లు వెలిశాయి, ఆ తర్వాత ఇళ్లలోకి ఫోన్లు వచ్చాయి. 2000 అక్టోబరు 1 నుంచి ఈ లైన్లు బీఎస్‌ఎన్‌ఎల్ చేతికి వచ్చాయి. ఆ రాగి తీగ లైనుకు ఒక సుగుణముంది. ఎక్స్‌ఛేంజిలోని బ్యాటరీల నుంచి 48 వోల్టుల కరెంటు ఆ తీగలోనే ఇంటికి వస్తుంది. మామూలు ఫోను దానితోనే నడుస్తుంది. ఏప్రిల్, మే నెలల గాలివానకు స్తంభాలు ఒరిగి ఊరంతా చీకటైనా, ఎక్స్‌ఛేంజిలో బ్యాటరీ ఉన్నంతసేపు డయల్ టోన్ ఉంటుంది. మీ ఊళ్లో అలాంటి లైను ఇంకా బతికి ఉంటే దాన్ని వదులుకోకండి.

చాలాచోట్ల అది లేదు. రాగి తీగల చోటికి ఫైబర్ వస్తోంది. 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ కూడా టీవీ, ఇంటర్నెట్‌తో పాటు ఫోను ఇచ్చే పథకంగానే మొదలైంది. ఫైబర్‌లో మాట స్పష్టంగా వస్తుంది. కానీ గాజు తీగ కరెంటు మోయదు. ఇంట్లో గోడకు పెట్టే చిన్న పెట్టెకు కరెంటు కావాలి, అది ఆగితే ఫోనూ ఆగుతుంది. కాబట్టి ఫైబర్ ఫోను పెట్టించేవారు ఆ పెట్టెకు సరిపడే 12 వోల్టుల చిన్న యూపీఎస్ ఒకటి అదే రోజు కొనాలి. తర్వాత చూద్దాంలే అనుకుంటే, కరెంటు పోయిన రాత్రి అవ్వకు ఒంట్లో బాగాలేకపోయినా ఎవరికీ చెప్పుకోలేదు. ఇంకో మాట. ఇంట్లో దాచుకున్న పాత చక్రం ఫోను ఫైబర్ పెట్టెకు తగిలిస్తే మోగవచ్చు గానీ, చాలా పెట్టెల్లో నంబరు తిప్పితే కలవదు. బటన్ల ఫోనే కావాలి. దాని అడుగునో పక్కనో ‘పల్స్–టోన్’ మీట ఉంటే టోన్ వైపు ఉంచాలి.

తీగా లేదు, ఫైబరూ లేదు అనుకున్న ఊళ్లకు మూడో దారి సిమ్ వేసుకునే బల్ల ఫోను. చూడటానికి అచ్చం ఇంటి ఫోనులాగే ఉంటుంది, లోపల సెల్‌ఫోను. ఒకప్పుడు పల్లెల్లో తిరిగిన టాటా ఇండికామ్ వాకీ లాంటివే ఇవి కూడా. అయితే ఆ పాత సీడీఎంఏ ఫోన్లు ఇప్పటి సిమ్‌లతో పనిచేయవు, అటక మీది నుంచి దింపి లాభం లేదు. ఇది కొనేటప్పుడు ఒకే ఒక్క ప్రశ్న గట్టిగా అడగాలి: ఇది 4జీలో మాట్లాడుతుందా, 2జీలో మాత్రమేనా? జియోకు 2జీ లేదు కాబట్టి 2జీ ఫోనులో జియో సిమ్ వేస్తే మూగబోతుంది. ఫోను కొనకముందే, అది పెట్టబోయే గదిలో ఏ కంపెనీ సిగ్నల్ నిలకడగా ఉందో ఊళ్లోవాళ్ల సెల్‌తో చూసుకోండి. లోపల బ్యాటరీ ఉంటుంది కాబట్టి కరెంటు పోయినా కొన్ని గంటలు నడుస్తుంది. రీఛార్జి భారం మాత్రం పిల్లలే నెత్తిన పెట్టుకోవాలి.

ఇక పెట్టె దగ్గరికి వద్దాం. తీగ లేని కార్డ్‌లెస్ ఫోను మీద చాలామందికి మోజు. మోకాళ్ల నొప్పులున్న తాత మంచం మీది నుంచే మాట్లాడొచ్చు కదా అంటారు. కానీ దాని ఆధారపు పెట్టెకు కరెంటు కావాలి. చేతి ఫోనులోని బ్యాటరీ దిగిపోతుంది, బటన్లు సన్నగా ఉంటాయి, దిండు కింద పెట్టి మరిచిపోతే మోగినా దొరకదు. నా లెక్కలో ఒక కార్డ్‌లెస్ కంటే రెండు మామూలు తీగ ఫోన్లు మేలు. ఒకటి మంచం దగ్గర, ఇంకొకటి వంటింటి వైపు. ఒకే లైను మీద రెండింటినీ కలపడం లైన్‌మ్యాన్‌కు పెద్ద పనేమీ కాదు. మామూలు బటన్ల ఫోను వెయ్యి రూపాయలకు అటూ ఇటూగానే వస్తుంది. మన బజార్లలో బీటెల్, పానసోనిక్ పేర్లతో తేలిగ్గా దొరుకుతాయి. పేరు కంటే ముఖ్యం చేతిలోకి తీసుకుని చూడటం.

బటన్లు పెద్దవిగా, ఒకదానికొకటి ఎడంగా ఉండాలి. కంట్లో శుక్లం పెరుగుతున్నవారికి బూడిద రంగు మీద వెండి అంకెలు కనబడవు. తెలుపు మీద నలుపో, నలుపు మీద తెలుపో కావాలి. 5 అంకె మీద చిన్న బొడిపె ఉందో లేదో తడిమి చూడండి, చూపు మందగించినవారికి వేలు నిలవాల్సిన చోటు అదే. 1963లో అమెరికాలో బెల్ సంస్థ బటన్ల ఫోన్లు ఇళ్లకు ఇవ్వడం మొదలుపెట్టినప్పటి నుంచీ 1, 2, 3 పై వరసలోనే ఉంటున్నాయి. ఒక ఫోను మీద అలవాటైన వేలికి ఇంకొకటి కొత్తగా ఉండదు. బటన్లు చేతి ముక్కలో కాక కింది పెట్టె మీద ఉన్న ఫోనే తీసుకోండి. గ్యాస్ బుకింగ్‌లోనో బ్యాంకులోనో ‘తెలుగు కోసం ఫలానా అంకె నొక్కండి’ అన్నప్పుడు చెవి దగ్గర నుంచి ఫోను తీయకుండానే నొక్కొచ్చు. నొక్కేటప్పుడు పెట్టె వెనక్కి జారకూడదు. కాస్త బరువుండి, అడుగున రబ్బరు కాళ్లున్నది నిలుస్తుంది.

ఇంకా ముఖ్యమైనది ఫోను పెట్టే గూడు. పెద్దవాళ్ల ఇళ్లలో ‘ఎప్పుడు చేసినా ఎంగేజే’ అని పిల్లలు కంగారుపడే సందర్భాల్లో చాలావాటికి లైను కారణం కాదు, ఫోను సరిగా కూర్చోకపోవడమే. వణికే చేతితో పెట్టినా, ఎలా పెట్టినా తనంతట తాను గూట్లో పడే ఫోను ఎంచుకోవాలి. గోడకు వేలాడదీసేవి వద్దు.

చెవి గురించి కొంచెం ఓపిగ్గా చెప్పుకోవాలి. వయసుతో వచ్చే చెవుడు అన్ని ధ్వనులనూ ఒకేలా తగ్గించదు. ముందుగా పోయేవి సన్నటి, కీచు ధ్వనులు. అందుకే ఎలక్ట్రానిక్ ఫోను కీచుమని మోగుతున్నా పక్కగదిలోని అవ్వకు వినబడదు, పాత గంట ఫోను మోత మాత్రం వినబడేది. కొట్లో రింగు మోగించమని అడిగి, బొంగురుగా మోగేది తీసుకోండి. మోగినప్పుడు ఎర్రదీపం వెలిగేదైతే ఇంకా మంచిది. మాటల్లోనూ ఇదే తంతు. స, ష, త, క లాంటి హల్లుల్లో సన్నటి ధ్వని ఎక్కువ. మామూలు టెలిఫోను 300 నుంచి 3,400 హెర్ట్జ్ మధ్య ధ్వనినే మోస్తుంది కాబట్టి అసలే తగ్గిన ఆ హల్లులు ఫోనులో ఇంకా పలచబడతాయి. గొంతు వినబడుతుంది, మాట అర్థం కాదు. అవతల కొడుకు అరిస్తే మాట మరింత చెదురుతుంది. నెమ్మదిగా, మాటకు మాటకు మధ్య ఎడమిచ్చి మాట్లాడితే చాలావరకు అందుతుంది. చేతి ముక్కలో శబ్దం పెంచే మీట ఉన్న ఫోను తీసుకోవాలి. కొన్నింటిలో ఫోను పెట్టగానే శబ్దం మళ్లీ మొదటికి వచ్చేస్తుంది, అలాంటివి వదిలేయండి.

స్పీకరు బటన్ వణికే చేతులకు సాయమే. కానీ బండల ఇళ్లలో, మిద్దె గదుల్లో ప్రతిధ్వని ఎక్కువ కాబట్టి దాన్నే నమ్ముకోకూడదు. చెవి మిషన్ పెట్టుకునేవారైతే ఆ మిషన్‌తోనే ఫోను విని చూడాలి, కొన్ని కీచుమని అరుస్తాయి. అసలు మిషన్ అవసరమై కూడా కొనుక్కోలేని పేద వృద్ధుల కోసం కేంద్రానికి రాష్ట్రీయ వయోశ్రీ యోజన ఉంది. అది 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే మొదలైంది. ఫోను మార్చేముందు చెవి పరీక్ష చేయించడం మంచిది.

చదువు రాని తల్లులకు ఒక్క నొక్కుతో కలిపే మెమరీ బటన్లు వరం. మూడు చాలు: పెద్దకొడుకు, కూతురు, ఊళ్లోనే ఉండే నమ్మకమైన మనిషి. బటన్ మీద ఫొటో ముక్క అంటించండి, అంత చోటు లేకపోతే రంగు కాగితం. కొన్ని ఫోన్లలో తీగ ఊడదీసినా, బ్యాటరీ తీసినా ఈ నంబర్లు చెరిగిపోతాయి. కొన్న రోజే తీగ పీకి, మళ్లీ పెట్టి నొక్కి చూస్తే ఆ సంగతి తేలిపోతుంది.

ఇక్కడ ఒక సున్నా సంగతి. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైను నుంచి సెల్‌ఫోనుకు చేయాలంటే ముందు సున్నా నొక్కాలి. మన అవ్వలు పిల్లల నంబర్లు పది అంకెలూ కంఠతా పట్టి ఉంటారు. సున్నా లేకుండా నొక్కితే కాల్ కలవదు, ఇంగ్లిషులోనో హిందీలోనో ఏదో మాట వినిపిస్తుంది, ‘వాడి ఫోను పనిచేయడంలేదు’ అనుకుని ఊరుకుంటారు. మెమరీలో దాచే నంబరుకూ, గోడ మీద రాసే నంబరుకూ ముందు సున్నా చేర్చండి. సిమ్ వేసిన బల్ల ఫోనుకు ఇది అక్కర్లేదు, అది సెల్‌తో సమానం.

గోడ మీద పెద్ద అక్షరాలతో ఇంకొన్ని రాయాలి. అంబులెన్సుకు 108, ఏ ఆపదకైనా 112, వృద్ధుల సాయానికి 14567. వాటి కిందే ఇంటి గుర్తు: ఊరు, మండలం, ఏ గుడి పక్క సందు. భయంలో ఉన్న మనిషికి సొంత ఇంటి దారి కూడా నోటికి రాదు. ఇంకొకటి కూడా రాయండి: ‘ఫోనులో ఎవరు అడిగినా బ్యాంకు నంబర్లు చెప్పొద్దు, పోలీసులమన్నా సరే, పెట్టేసి కొడుక్కు చేయాలి’. ఒకవేళ డబ్బు పోతే వెంటనే 1930కి చెప్పాలి. ఫోను చేసినవారి నంబరు చూపే తెర ఉంటే, తప్పిన కాల్ ఎవరిదో ఊళ్లోకి వచ్చిన మనవడైనా చూసి చెప్పగలడు. అంతకుమించి ఆ తెరలో ఉండే పాటలూ, గడియారాలూ, లెక్కల మిషన్లూ పెద్దవాళ్లకు అడ్డమే.

ఫోను టీవీ పక్కన కాకుండా, ఆమె పడుకునే మంచం నుంచి చెయ్యి చాపితే అందే చోట, కూర్చుని మాట్లాడే ఎత్తులో ఉండాలి. తీగ నడిచే దారికి అడ్డంగా పోకూడదు. ఆ వయసులో పడితే తుంటి విరుగుతుంది.

బెంగళూరులోనో హైదరాబాదులోనో ఆన్‌లైన్‌లో కొని ఊరికి పంపేసి ఊరుకోకండి. ఉగాదికో సంక్రాంతికో వెళ్లినప్పుడు ఒక పూట కేటాయించండి. మీరు నొక్కి చూపడం కాదు, మీరు బయట వాకిట్లో నిలబడి, అమ్మను ఒక్కదాన్నే లోపల మీకు ఫోను చేయమనండి. చేసి, మాట్లాడి, సరిగా పెట్టగలిగితే అదే ఆమెకు తగిన ఫోను. లేకపోతే ఎంత ఖరీదైనదైనా మార్చండి. ఇప్పటికే ఇంట్లో ఫోను ఉన్నవారు ఈసారి వెళ్లగానే ముందు దాన్ని ఎత్తి డయల్ టోన్ వస్తోందో లేదో వినండి. రింగు మీట ఆఫ్‌లో ఉంటే ఆన్ వైపు జరపండి. గోడ మీది మీ నంబరుకు ముందు సున్నా రాసి రండి.