డిక్కీ ఉంటేనే కారా?

కారు కొన్నామని చెప్పగానే చుట్టాలు అడిగే మొదటి ప్రశ్న "ఎంతయింది?" రెండోది "డిక్కీ ఉందా?" మా అత్తగారి లెక్కలో డిక్కీ లేని కారు కొంగు లేని చీరతో సమానం. "నలుగురిలోకి ఎలా వెళ్తాం?" అంటారావిడ. మావారిదేమో లగేజీ బెంగ. రోజూ కారు తీసేది నేను, స్కూలు దగ్గర జాగా వెతుక్కునేది నేను, మా సందులో వెనక్కి తిప్పేదీ నేనే. అయినా కారు మాటొస్తే నన్నడిగేది రంగు ఒక్కటే!

అందుకే ఈ డిక్కీ సంగతేంటో తెలుసుకుందామని కూర్చున్నాను. చెప్పొద్దూ, తెలుసుకున్నకొద్దీ తమాషాగా అనిపించింది. ఒకే కారు. వెనక ఓ పెట్టె తగిలిస్తే ఒక దేశంలో నెత్తిన పెట్టుకుంటారు, ఇంకో దేశంలో కన్నెత్తి చూడరు.

ముందు పేర్లు చూద్దాం. వెనక తలుపు అద్దంతో సహా పైకి లేచే పొట్టి కారు హ్యాచ్‌బ్యాక్. వెనక విడిగా డిక్కీ ఉన్నది సెడాన్. మారుతి స్విఫ్ట్ మొదటి రకం, దాని తోబుట్టువు డిజైర్ రెండో రకం. లోపలి ఇంజను మాత్రం ఇద్దరిదీ ఒకటే.

అంబాసిడర్ నేర్పిన పాఠం

మనకి ఈ డిక్కీ మోజు ఊరికే రాలేదు. మన అమ్మానాన్నల కాలంలో కారంటే అంబాసిడర్, లేదంటే ఫియట్. ముందు మూతి, మధ్యలో మనుషులు, వెనక డిక్కీ. కలెక్టరుగారైనా, పెళ్లికొడుకైనా అందులోంచే దిగాలి. 1983లో మారుతి 800 వచ్చి పొట్టి కారుని మధ్యతరగతి ఇంటికి చేర్చింది. ముద్దుగానే చూసుకున్నాం. కానీ "పెద్ద కారు" అన్న గౌరవం దానికి దక్కలేదు. 1990లో అదే కంపెనీ మారుతి 1000 తెచ్చింది. అది సుజుకి వాళ్ల కల్టస్ అనే పొట్టి కారుకి డిక్కీ పెట్టి చేసినదే. బయటి దేశాల్లో పొట్టిగానే పేరు తెచ్చుకున్న ఆ కారు మన దగ్గరికి డిక్కీతోనే దిగింది. తర్వాత 1994లో ఎస్టీమ్ అయింది. డిక్కీ అంటే హోదా అన్నమాట అలా స్థిరపడిపోయింది.

నాలుగు మీటర్ల లెక్క

మోజు ఒక్కటే అయితే ఇంత కథ ఉండేది కాదు. దానికి పన్ను తోడైంది. 2006 కేంద్ర బడ్జెట్‌లో చిన్న కార్లమీద ఎక్సైజ్ సుంకాన్ని 24 శాతం నుంచి 16 శాతానికి తగ్గించారు. చిన్న కారు అంటే? పొడవు 4 మీటర్లు దాటకూడదు. పెట్రోలు ఇంజను 1200 సీసీ, డీజిలు 1500 సీసీ మించకూడదు.

ఇంకేం, కంపెనీలు టేపు పట్టుకుని కూర్చున్నాయి. ఇండిగోని కత్తిరించి 2008లో టాటా వాళ్లు ఇండిగో సీఎస్ తెచ్చారు. అదే ఏడాది వచ్చిన మొదటి డిజైర్ పొడవు 4160 మిల్లీమీటర్లు, డిక్కీ 440 లీటర్లు. 2012లో వచ్చిన రెండో డిజైర్ 3995 మిల్లీమీటర్లకి కుదించుకుంది. డిక్కీ 316 లీటర్లకి వచ్చేసింది. గుడ్డ చాలక దర్జీ జాకెట్టు చేతులు కురచ చేసినట్టే ఉంది కదూ! ఆ తర్వాత 2013లో హోండా అమేజ్, 2014లో హ్యుందాయ్ ఎక్సెంట్, 2016లో ఫోక్స్‌వ్యాగన్ అమియో వచ్చాయి. ఈ అమియోని మన దేశం కోసమే ప్రత్యేకంగా తయారు చేశారు.

ఫలితం? 2018లో దేశంలో అన్నిటికంటే ఎక్కువగా అమ్ముడైన కారు డిజైరే. టాక్సీవాళ్లూ దాన్నే ఎక్కించుకున్నారు. విచిత్రం ఏమిటంటే, సుజుకి పుట్టిల్లు జపాన్‌లో స్విఫ్ట్ దొరుకుతుంది గానీ డిజైర్ దొరకదు. ఆ నాలుగు మీటర్ల గీత ఇప్పటికీ చెరిగిపోలేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆ కొలతల్లో ఇమిడిన కారుకి జీఎస్టీ 18 శాతం, దాటితే 40 శాతం.

గోల్ఫ్ ఒకచోట, జెట్టా ఇంకోచోట

జర్మనీవాళ్ల ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ 1974లో వచ్చింది. దానికి డిక్కీ పెట్టి 1979లో జెట్టా చేశారు. యూరప్‌లో గోల్ఫ్ ఇంటింటి కారైంది. అక్కడి పాత ఊళ్లలో వీధులు ఇరుకు, కారు నిలపడానికి జాగా తక్కువ, పెట్రోలుమీద పన్ను ఎక్కువ. వెనక సీటు మడిస్తే పొట్టి కారులోనే బీరువా పలకలు కూడా పట్టేస్తాయి. ఇంకా చోటు కావాలనుకున్నవాళ్లు అదే కారులో వెనక పొడుగ్గా ఉండే ఎస్టేట్ రకం కొంటారు. జెట్టాకి మాత్రం "పెద్దవాళ్ల కారు" అన్న ముద్ర పడింది. 1992లో వెంటో అని, 1998లో బోరా అని అక్కడ పేర్లు మార్చి చూశారు. 2018లో వచ్చిన కొత్త జెట్టాని యూరప్‌లో అమ్మనే లేదు.

అదే జెట్టాకి అమెరికాలో మహరాణీ మర్యాద. అక్కడ రోడ్లు విశాలం, పెట్రోలు చవక. పొట్టి కారంటే డబ్బుల్లేక కొన్నదని చాలాకాలం అనుకున్నారు. గోల్ఫ్‌ని మించి జెట్టాయే అమ్ముడవుతూ వచ్చింది. 2021 మోడలు తర్వాత మామూలు గోల్ఫ్‌ని అమెరికాలో ఆపేశారు. వేగంగా పోయే జీటీఐ, ఆర్ రకాలు మాత్రమే మిగిలాయి. చైనాలో అయితే 1991 నుంచి తయారవుతున్న జెట్టాకి ఎంత పేరొచ్చిందంటే, 2019లో ఆ పేరుతో ఏకంగా ఒక బ్రాండే పెట్టేశారు.

టర్కీ, ఇరాన్‌లదీ మన దారే. రెనో క్లియోకి డిక్కీ పెట్టి 1999 నుంచి టర్కీలోని బుర్సాలో తయారు చేశారు. ఇరాన్‌లో ప్యుగో 206కి అక్కడివాళ్లే డిక్కీ చేర్చుకున్నారు. నాకర్థమైంది ఇదీ: ఇంటికి ఒకటే కారైనప్పుడు పెళ్లికీ అదే, ఊరికీ అదే, పదిమందిలో పరువుకీ అదే. అలాంటిచోట డిక్కీకి విలువ. రెండు కార్లున్నవాళ్లకి ఆ బాధ లేదు.

ఎత్తుగా ఉంటే తప్పులేదట!

ఇప్పుడు ఇంకో ముచ్చట. డిక్కీ లేకపోతే ముఖం తిప్పుకున్న అమెరికావాళ్లే ఎస్‌యూవీల వెంట పడ్డారు. 2018లో ఫోర్డ్ కంపెనీ అమెరికాలో సెడాన్లు ఆపేస్తున్నట్టు ప్రకటించింది. మన దగ్గర 2024లో అమ్మకాల్లో మొదటి స్థానం టాటా పంచ్‌ది. పంచ్ వెనక తలుపు ఎలా తెరుచుకుంటుందో చూశారా? అద్దంతో సహా పైకి! అంటే అదీ హ్యాచ్‌బ్యాక్ తలుపే. కాకపోతే కారు కాస్త ఎత్తు పెరిగింది. పొట్టిగా ఉంటే పరువు తక్కువట, అదే తలుపు ఎత్తుగా ఉంటే హోదానట. హోదా అనేది డిక్కీలో లేదని, మన కళ్లలో ఉందని ఇంతకంటే రుజువేం కావాలి?

మరి మనకేది?

డిక్కీ దండగ అని నేననను. ఊరి నుంచి వచ్చేటప్పుడు ఆవకాయ జాడీ, ఎండుచేపల సంచీ డిక్కీలో పెడితే వాసన లోపలికి రాదు. నగల సూట్‌కేసు బయటివాళ్ల కంటపడదు. ఏటా నాలుగు పెళ్లిళ్లు, నెలకోసారి ఊరి ప్రయాణం ఉన్న ఇంటికి సెడాన్ సుఖమే.

కానీ డిక్కీ నోరు చిన్నది. కుట్టుమిషను, పెద్ద అట్టపెట్టె అందులో దూరవు. హ్యాచ్‌బ్యాక్ సీటు మడిస్తే దూరతాయి. సీఎన్‌జీ రకం కొంటున్నారా? చాలా కార్లలో సిలిండరే డిక్కీని సగానికి పైగా మింగేస్తుంది. డబ్బు పెట్టి కొన్న చోటు గ్యాసుకి అద్దెకిచ్చినట్టే. షోరూంలో డిక్కీ తెరిపించి కళ్లారా చూడండి. స్టెప్నీ ఎక్కడుందో అడగండి. మీ ఇంట్లో వాడే సూట్‌కేసు తీసుకెళ్లి పెట్టి చూసినా నామోషీ ఏం లేదు.

అన్నిటికంటే ముఖ్యం, రోజూ నడిపేది ఎవరో వాళ్లే టెస్ట్ డ్రైవ్‌కి కూర్చోవాలి. ఖాళీ రోడ్డుమీద ముందుకి పోనిచ్చి "బాగుంది" అనేయడం కాదు. ఇరుకు చోట రివర్స్ చేయాలి. వెనక అద్దంలోంచి కారు చివర ఎక్కడుందో అందుతోందా, లేదా? అందకపోతే కొత్తగా నేర్చుకున్న మన ఆడవాళ్లకి ఆ భయమే మిగులుతుంది. తాళాలు గోడకి, మనం మళ్లీ ఆటోకి!

చుట్టాలింట పెళ్లిళ్లు ఏడాదికి ఎన్నొస్తాయి? స్కూలు, ఆఫీసు, ఆస్పత్రి, కూరగాయల మార్కెట్ ఎన్నిసార్లు వస్తాయి? ఆ రెండు అంకెలూ కాగితమ్మీద పక్కపక్కన రాసి ఇంట్లో అందరికీ చూపించండి. ఏ కారు కొనాలో ఆ కాగితమే చెబుతుంది.